ఎర్రర్ నోరు నొక్కకండి

ఫోర్ట్రాన్‌లో పనిచేస్తున్న విద్యార్థులకు, పరిశోధకులకు, ఇంజనీర్లకు ఈ మాట ఆలస్యం చేయకుండా చెప్పాలి. నడుస్తున్న ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే భయపడకండి. ఆగిన ప్రోగ్రాం ఎవరికీ హాని చేయదు. దాన్ని ఎలాగోలా మళ్ళీ నడిపించాలన్న తొందరలోనే హాని ఉంది.

ఆ తొందర ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్నే గైడ్‌కు ఫలితాలు చూపించాలి. తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని పడుతుంది. అనుమానం వచ్చిన లైనును కామెంట్ చేసేస్తారు. చెకింగ్ ఆప్షన్ తీసేస్తారు. ఆప్టిమైజేషన్ లెవల్ మార్చి చూస్తారు. ఎక్కడో ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టగానే ఆగడం మానేస్తే, ఎందుకు మానేసిందో అడగకుండా దాన్ని అక్కడే ఉంచేస్తారు. ప్రోగ్రాం చివరిదాకా నడుస్తుంది. అంకెలు వస్తాయి. అవి పట్టికలోకి, థీసిస్‌లోకి, రిపోర్టులోకి ఎక్కేస్తాయి. దయచేసి ఈ దారిలో వెళ్ళకండి. ఓడరేవులో ఎగరేసిన ప్రమాద సూచికను దించేసినంత మాత్రాన తుఫాను ఆగదు. ఎర్రర్‌ను కనబడకుండా చేసినంత మాత్రాన లెక్కలోని తప్పు పోదు.

ఇది పాత భాష, ఎవరు పట్టించుకుంటారులే అనుకోకండి. 1957లో ఐబీఎంలో జాన్ బేకస్ బృందం బయటికి తెచ్చిన ఫోర్ట్రాన్ ఇవాళ్టికీ పనిలోనే ఉంది. వాతావరణ అంచనాకు వాడే డబ్ల్యూఆర్ఎఫ్, సముద్ర ప్రవాహాలను లెక్కగట్టే రామ్స్, అలల ఎత్తు చెప్పే వేవ్‌వాచ్ త్రీ, తుఫాను ఉప్పెనను అంచనా వేసే ఆడ్‌సర్క్, అన్నీ ఫోర్ట్రాన్‌లో రాసినవే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలకు ఆడ్‌సర్క్‌ను వాడుతుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనను చూసిన తీరం మనది. ఆ తీరానికి ఇప్పుడు ముందుగా కబురు అందుతోందంటే, ఆ కబురు వెనక ఈ లెక్కలున్నాయి. వంతెనల బలం, యంత్రాల ఒత్తిడి, అణువుల అమరిక లెక్కించే ఎన్నో ప్యాకేజీల లోపల కూడా ఇదే భాష ఉంది. మీరు రాసిన చిన్న సబ్‌రొటీన్ రేపు ఎవరి నిర్ణయానికి ఆధారమవుతుందో మీకు తెలియదు.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, కాలం అలా ఉంది. కోడ్ రాసిన పెద్దలు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. కోడ్ చేతులు మారుతోంది, అందులోని మెలకువలు మాత్రం చేతులు మారడం లేదు. పైగా కంపైలర్లు మారిపోతున్నాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి, పిలిచేచోట ఇచ్చిన ఆర్గ్యుమెంట్లకూ సబ్‌రొటీన్‌కూ పొత్తు కుదరకపోతే జీఫోర్ట్రాన్ దాన్ని ఎర్రర్‌గానే చూపిస్తోంది. ఇంటెల్ తన పాత ఐఫోర్ట్‌ను 2024తో ఆపేసి, అందరినీ ఐఎఫ్ఎక్స్‌కు మారమంది. ఇరవై ముప్ఫై ఏళ్ళుగా నోరెత్తని కోడ్ ఇప్పుడు కొత్త చోట ఆగుతోంది. ‘మొన్నటిదాకా బాగానే నడిచింది, తప్పు కంపైలర్‌దే’ అని తోసేయకండి. చాలాసార్లు తప్పు మొన్నటిదాకా దాగి ఉంది, ఇప్పుడు బయటపడింది. అంతే.

చివరిదాకా నడిచిన ప్రోగ్రాం ఎంత దారుణం చేయగలదో చెప్పడానికి నార్వే అనుభవం చాలు. 1991 ఆగస్టు 23న గాండ్స్‌ఫియోర్డ్‌లో స్లైప్నర్ ఏ అనే చమురు వేదిక కాంక్రీట్ పునాదిని నీళ్ళలోకి దించి పరీక్షిస్తుండగా గోడ పగిలి అది మునిగిపోయింది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. దాని డిజైన్ లెక్కలు నాస్ట్రాన్ అనే ప్యాకేజీతో చేశారు. ఆ ప్యాకేజీ ఫోర్ట్రాన్‌లోనే ఎదిగింది. అక్కడ భాష తప్పు లేదు, రన్‌టైమ్ ఎర్రర్ రాలేదు. గోడను భాగాలుగా విడగొట్టిన తీరు సరిగా లేక, కోత ఒత్తిడి ఉండాల్సినదానికన్నా 47 శాతం తక్కువగా తేలింది. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్ళీ లెక్కిస్తే, 62 మీటర్ల లోతులో గోడ విఫలమవుతుందని వచ్చింది. నిజంగా విఫలమైంది 65 మీటర్ల దగ్గర. సరైన లెక్క ముందే చేసే వీలుంది. చేయలేదు. ఆ ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా ముగిసింది. మీ ప్రోగ్రాం అలా కాకుండా ఆగి, ‘ఇక్కడేదో తేడా ఉంది’ అని చెబుతోందంటే, మీకు దొరికిన అవకాశం ఎంత పెద్దదో ఆలోచించండి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. భారత వాతావరణ శాఖ ఇచ్చే రోజువారీ గ్రిడ్ వర్షపాతం డేటాను పరిశోధన విద్యార్థులు ఎందరో వాడుతుంటారు. పావు డిగ్రీ గ్రిడ్. తూర్పు పడమరలుగా 135 బిందువులు, ఉత్తర దక్షిణాలుగా 129. మొత్తం 17,415. ఒక్కో విలువకు నాలుగు బైట్లు. అంటే ఒక రోజు డేటా 69,660 బైట్లు. లీపు కాని సంవత్సరానికి ఫైలు సైజు 2,54,25,900 బైట్లు. విద్యార్థి ఈ ఫైలును డైరెక్ట్ యాక్సెస్‌లో తెరిచి, రికార్డు పొడవు 69,660 అని ఇస్తాడు. జీఫోర్ట్రాన్‌లో సరిగ్గా నడుస్తుంది. అది పొడవును బైట్లలోనే లెక్కపెడుతుంది.

అదే కోడ్‌ను పెద్ద సర్వర్ మీద ఇంటెల్ కంపైలర్‌తో కంపైల్ చేస్తాడు. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది పొడవును నాలుగేసి బైట్ల యూనిట్లలో లెక్కపెడుతుంది. దాంతో ఒక్కో రికార్డు నాలుగు రోజులంత పొడవైపోతుంది. మొదటి రికార్డు అడిగితే జనవరి 1 వస్తుంది, అది సరైనదే. రెండోది అడిగితే జనవరి 5 వస్తుంది. మూడోది అడిగితే జనవరి 9. ప్రోగ్రాం మాత్రం జనవరి 2, జనవరి 3 అనుకుంటూ ముందుకు పోతుంది. తొంభై రికార్డులు దాటాక ఫైలు అయిపోతుంది. లేని రికార్డును అడుగుతున్నావంటూ రన్‌టైమ్ ఎర్రర్‌తో ఆగుతుంది.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. ‘365 రోజులుండాల్సిన ఫైలు తొంభై దాటగానే ఎందుకైపోయింది?’ అని అడిగినవాడు పది నిమిషాల్లో అసలు సంగతి పట్టుకుంటాడు. తొందరలో ఉన్నవాడు రీడ్ స్టేట్‌మెంట్‌కు ఐఓస్టాట్ తగిలించి, అది సున్నా కాకపోతే లూప్‌లోంచి బయటికి వచ్చెయ్యమంటాడు. ఎర్రర్ మాయమవుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. జూన్ 2 నాటి వాన 39వ రికార్డులో చదవబడుతుంది. ప్రోగ్రాం లెక్కలో అది ఫిబ్రవరి 8. సెప్టెంబర్ 30 నాటి వాన 69వ రికార్డులో వస్తుంది. ప్రోగ్రాం లెక్కలో అది మార్చి 10. నైరుతి రుతుపవనాలు ఫిబ్రవరిలో వచ్చి మార్చిలో వెళ్ళిపోయినట్టు తేలుతుంది. నిజమైన వానాకాలం నెలల్లో సున్నాలో, చెత్త విలువలో మిగులుతాయి. నెలలవారీ పట్టిక వేస్తే తప్పు కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి రోజువారీ సగటు మాత్రమే తీస్తే కనిపించదు. ఏడాది పొడవునా నాలుగు రోజులకొకటి చొప్పున ఏరినట్టయింది గనక, ఆ సగటు నమ్మదగినట్టే ఉంటుంది. అదే భయం.

దీనికి మందు చిన్నది. రికార్డు పొడవును చేత్తో లెక్కేసి రాయకండి. ఇంక్వైర్ స్టేట్‌మెంట్‌లో ఐఓలెంగ్త్ అడిగితే, ఆ కంపైలర్‌కు సరిపడే పొడవును అదే చెబుతుంది. ఫైలు సైజును రోజుల సంఖ్యతో భాగించి చూడండి. ఐఓస్టాట్ వాడడం తప్పు కాదు, దాన్ని చదవకుండా వదిలేయడమే తప్పు. సున్నా అంటే సవ్యం. రుణ సంఖ్య అంటే ఫైలో రికార్డో ముగిసింది. ధన సంఖ్య అంటే ఎర్రర్. మూడింటికీ మూడు దారులు రాయండి. ఐఓఎమ్ఎస్‌జీ పెట్టి సందేశాన్ని తెర మీదికి తెప్పించండి. ఈ డేటాలో కొలత లేనిచోట -999 ఉంటుంది. దాన్ని వడకట్టకుండా సగటు తీస్తే ఏ ఎర్రరూ రాదు, సగటు మాత్రం పాడవుతుంది.

ఇక మిగతా ప్రమాదాలు ఒక్కొక్కటిగా చెబుతాను. గుర్తులతో సహా గమనించండి.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది అర్రే హద్దు దాటడం. పది గదుల అర్రేలో పదకొండో గదికి రాస్తే ఫోర్ట్రాన్ మామూలుగా అడ్డుచెప్పదు. పక్కనున్న మెమరీలో ఆ విలువ రాసేస్తుంది. అక్కడ ఇంకో వేరియబుల్ ఉంటే దాని విలువ మారిపోతుంది. తప్పు ఒకచోట జరిగితే ప్రోగ్రాం ఇంకెక్కడో, వందల లైన్ల తర్వాత కూలుతుంది. గుర్తులు ఇవి: ప్రింట్ పెడితే ఎర్రర్ పోతుంది, తీస్తే వస్తుంది. ఆప్టిమైజేషన్ లేకుండా నడుస్తుంది, పెడితే ఆగుతుంది. మీ లాప్‌టాప్ మీద నడుస్తుంది, సర్వర్ మీద కూలుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా ముందు హద్దులనే అనుమానించండి. జీఫోర్ట్రాన్‌లో ఎఫ్‌చెక్‌ను ఆల్ అని, ఇంటెల్‌లో చెక్ ఆల్ అని పెట్టి మళ్ళీ కంపైల్ చేయండి. ఏ ఫైలులో ఏ లైను, ఏ అర్రే, ఏ ఇండెక్స్ హద్దు దాటిందో, ఆ హద్దు ఎంతో అంతా చెబుతుంది. ఒక్క జాగ్రత్త. చివరి డైమెన్షన్ స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి తీసుకునే పాత పద్ధతి అర్రేల పైహద్దు ఈ చెక్‌కు అందదు. అలాంటివి ఉంటే సైజు తెలిసే పద్ధతికి మార్చండి.

రెండోది, విలువ ఇవ్వని వేరియబుల్. కొత్తగా ఇచ్చిన మెమరీలో లైనక్స్ సున్నాలే పెడుతుంది గనక ఇది చాలాకాలం బయటపడకపోవచ్చు. సున్నా నుంచి మొదలవ్వాల్సిన మొత్తం అదృష్టవశాత్తు సున్నా నుంచే మొదలవుతుంది. అదే సబ్‌రొటీన్‌ను రెండోసారి పిలిచినప్పుడు, లేదా ఇంకో మెషీన్ మీద, పాత చెత్త నుంచి మొదలవుతుంది. ఒకే ఇన్‌పుట్‌కు రెండు రన్లలో రెండు జవాబులు వస్తే ఇదే కారణం కావచ్చు. జీఫోర్ట్రాన్‌లో ఫినిట్ రియల్‌ను ఎస్‌నాన్ అని పెట్టి, ఇన్‌వాలిడ్ ట్రాప్ కూడా జోడిస్తే, విలువ ఇవ్వని రియల్ వేరియబుల్‌ను ముట్టుకోగానే ప్రోగ్రాం ఆగుతుంది. కానీ అలొకేటబుల్ అర్రేలకు ఈ ఆప్షన్ పనిచేయదు. వాటికోసం వాల్‌గ్రిండ్ కింద నడపండి. నెమ్మదిగా నడుస్తుంది. నడవనివ్వండి.

మూడోది, ఇంప్లిసిట్ నన్ లేని ఫైలు. అది లేకపోతే ఐ నుంచి ఎన్ వరకు అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ ఇంటిజర్లు, మిగతావి రియల్‌లు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పితే కొత్త వేరియబుల్ పుడుతుంది, ఎవరూ అడగరు. పాత ఫిక్స్‌డ్ ఫార్మ్ ఫైళ్ళలో ఇంకో గొయ్యి ఉంది. 72వ కాలమ్ తర్వాత రాసినదాన్ని కంపైలర్ చదవదు. లైను చివర ‘రెయిన్‌ఫాల్’ అని రాశారనుకోండి. నాలుగు అక్షరాల తర్వాత 72 దాటితే అది ‘రెయిన్’ అనే వేరే వేరియబుల్ అయిపోతుంది. దానికి ఎవరూ విలువ ఇచ్చి ఉండరు. సమీకరణం చూడడానికి నిక్షేపంలా ఉంటుంది. మీ చేతికి వచ్చిన ప్రతి పాత ఫైలులోనూ ప్రతి ప్రోగ్రాం యూనిట్‌కూ ఇంప్లిసిట్ నన్ పెట్టండి. వచ్చే ఎర్రర్లన్నీ ఓపిగ్గా చదవండి.

నాలుగోది డిక్లరేషన్‌లోనే విలువ ఇచ్చేయడం. సబ్‌రొటీన్ మొదట్లో కౌంట్ అనే ఇంటిజర్‌ను ప్రకటిస్తూ అదే లైనులో సున్నా అని రాస్తే, పిలిచిన ప్రతిసారీ సున్నా అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఫోర్ట్రాన్ దాన్ని సేవ్ చేసిన వేరియబుల్‌గా తీసుకుంటుంది. సున్నా మొదటిసారికే. రెండో పిలుపుకు పాత విలువతోనే వస్తుంది. కౌంటర్ పెరుగుతూ పోయి ఎప్పుడో అర్రే హద్దు దాటుతుంది. సీ భాష నేర్చుకుని వచ్చినవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. డిక్లరేషన్ ఒక లైను, విలువ ఇవ్వడం ఇంకో లైను. అలా అలవాటు చేసుకోండి.

ఐదోది నాన్, అంటే ‘నాట్ ఎ నంబర్’. రుణ సంఖ్యకు వర్గమూలం తీసినా, సున్నాను సున్నాతో భాగించినా పుట్టే ఈ విలువ తాకిన ప్రతి లెక్కనూ తనలాగే చేస్తుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, పెద్దదా, చిన్నదా, సమానమా అని ఏది అడిగినా దాని జవాబు ‘కాదు’ అనే. ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటితే ఆగమని మీరు రాసిన కాపలా దాన్ని పట్టుకోదు, దర్జాగా లోపలికి వదిలేస్తుంది. జీఫోర్ట్రాన్‌లో స్టాప్‌తో ముగిసే ప్రోగ్రాం, చివర్లో ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్లు వచ్చాయని ఒక్క లైను నోట్ వేస్తుంది. ఆ లైనును చూసీ చూడనట్టు వదిలేయకండి. ఇన్‌వాలిడ్, జీరో, ఓవర్‌ఫ్లో ట్రాప్‌లు పెట్టి మళ్ళీ నడపండి. మొదటి నాన్ ఎక్కడ పుట్టిందో అక్కడే ఆగుతుంది. వేగం కోసం ఫాస్ట్‌మ్యాత్ వాడేవాళ్ళకు మరో మాట. ఆ ఆప్షన్‌తో కంపైలర్ నాన్‌లు అసలు రావనే నమ్ముతుంది. మీరు రాసిన నాన్ పరీక్షలను తీసిపారేయవచ్చు కూడా.

ఆరోది ఇంటిజర్ పొంగిపోవడం. మామూలు ఇంటిజర్ 2,14,74,83,647 దాకానే పడుతుంది. 50,000 ను 50,000తో గుణిస్తే 250 కోట్లు. ఆ ఇంటిజర్‌లో అది పట్టక సాధారణంగా రుణ సంఖ్యగా మారుతుంది. ఆ సైజుతో అర్రే అలొకేట్ చేస్తే ఎర్రర్ వస్తుందనుకుంటారు. రాదు. హద్దు రుణ సంఖ్య అయితే ఫోర్ట్రాన్ దాన్ని సున్నా సైజు అర్రేగా ఒప్పుకుంటుంది. తర్వాత దాంట్లో రాయబోతే కూలుతుంది. అప్పుడు మీరు మెమరీ చాలలేదనుకుంటారు. పెద్ద గ్రిడ్‌కు వెళ్ళగానే కూలే ప్రోగ్రాంలో ముందు ఈ గుణకారాలను చూడండి. ఒకటిని రెండుతో ఇంటిజర్లుగా భాగిస్తే సున్నా వస్తుందన్న సంగతీ, పై (π) విలువను పదిహేను అంకెలతో రాసినా చివర డీ0 గానీ కైండ్ గానీ లేకపోతే ఏడు అంకెల దాకానే నిలుస్తుందన్న సంగతీ మరవకండి.

ఏడోది స్టాక్. వెయ్యికి వెయ్యి సైజు గల డబుల్ ప్రెసిషన్ అర్రే 80 లక్షల బైట్లు. లైనక్స్‌లో మామూలు స్టాక్ పరిమితి 8 ఎంబీ. సబ్‌రొటీన్‌లో అలాంటి లోకల్ అర్రేలు రెండుంటే పరిమితి దాటవచ్చు, లోపలికి అడుగు పెట్టగానే కూలుతుంది. అందరూ చెప్పే చిట్కా, యూలిమిట్‌తో స్టాక్‌ను అన్‌లిమిటెడ్ చేయడం. అది చాలాసార్లు పనిచేస్తుంది. కానీ అది పనిచేసింది గనక రోగం అదేనని తేల్చేయకండి. హద్దు దాటిన అర్రే కూడా మెమరీ అమరిక మారగానే కొన్నాళ్ళు నోరు మూసుకుంటుంది. హద్దుల చెక్ పూర్తయ్యాకే స్టాక్ జోలికి వెళ్ళండి. పెద్ద అర్రేలను అలొకేటబుల్ చేయండి. ఓపెన్ఎంపీ వాడితే ఒక్కో థ్రెడ్‌కు వేరే స్టాక్ ఉంటుందని గుర్తుంచుకోండి.

ఎనిమిదోది ఆర్గ్యుమెంట్ల పొత్తు కుదరకపోవడం. డబుల్ ప్రెసిషన్ కోసం ఎదురుచూసే సబ్‌రొటీన్‌కు సింగిల్ ప్రెసిషన్ ఇస్తే, పక్క బైట్లతో కలిపి చదువుకుని ఏదో ఒక అంకె తయారుచేస్తుంది. కొత్త జీఫోర్ట్రాన్ దీన్ని అడ్డుకుంటే, అలౌ ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్ అనే ఆప్షన్ పెట్టి పక్కకు తప్పుకుంటున్నారు. పాత ఎంపీఐ కోడ్‌లో అది నిజంగానే అవసరపడవచ్చు. అయినా మొత్తం కోడ్‌కు గుడ్డిగా పెట్టకండి. ఏ ఫైలుకు, ఎందుకు పెట్టారో రాసిపెట్టుకోండి. మీ సొంత సబ్‌రొటీన్లను మాడ్యూళ్ళలో పెట్టండి, పొత్తు కుదిరిందో లేదో కంపైలరే చూసుకుంటుంది.

అవుట్‌పుట్‌ను కూడా కళ్ళు తెరుచుకుని చూడండి. ఎఫ్6.2 ఫార్మాట్‌లో 1234.56 రాయబోతే ఆరు గదుల్లో పట్టక ఆరు నక్షత్రాలు పడతాయి. ప్రోగ్రాం ఆగదు. ఆ నక్షత్రాలున్న ఫైలును తర్వాతి ప్రోగ్రాం చదవబోయి ‘బ్యాడ్ రియల్ నంబర్’ అని ఆగుతుంది. అప్పుడు చాలామంది ఆ లైనును ఫైల్లోంచి తొలగించేస్తారు. ఆ అంకె అంత పెద్దది ఎందుకైందో ఎవరూ అడగరు.

మరి ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలి? ముందుగా కీబోర్డు మీంచి చేతులు తీయండి. వచ్చిన సందేశం మొత్తాన్ని ఒక ఫైల్లో దాచండి. చివరి లైను కాదు, మొదటి ఎర్రర్ చదవండి. మిగతావి చాలావరకు దాని వెంట వచ్చినవే. ఇన్‌పుట్ ఫైలునూ, ఆ క్షణాన ఉన్న కోడ్‌నూ భద్రపరచండి. గిట్ వాడితే ఇంకా మంచిది. తర్వాత మైనస్ జి పెట్టి, ఆప్టిమైజేషన్ తీసేసి, వార్నింగ్‌లన్నీ తెరిచి, చెక్‌లూ ట్రాప్‌లూ పెట్టి కంపైల్ చేయండి. వచ్చే బ్యాక్‌ట్రేస్‌లో మీ ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. అది చాలకపోతే జీడీబీలో నడిపి, ఆగినచోట బీటీ అని కొట్టండి. ఎవరు ఎవరిని పిలిస్తే అక్కడికి చేరిందో కనిపిస్తుంది. అక్కడి వేరియబుళ్ళను ప్రింట్ చేసి చూడండి. కోడ్‌లో ఒకసారికి ఒక్క మార్పే చేయండి. సమస్యను ఎంత చిన్న ఇన్‌పుట్‌తో మళ్ళీ రప్పించగలరో అంత చిన్నది చేయండి.

డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి పెద్ద మోడళ్ళు నడిపేవాళ్ళు ఇంకొంచెం ఓపిక పట్టాలి. వందల ప్రాసెస్‌ల మీద నడుస్తున్న రన్ కూలితే ఆర్ఎస్ఎల్ ఎర్రర్ ఫైళ్ళలో సున్నా నంబరుది ఒక్కటే చూసి వదిలేయకండి. అసలు కారణం ఏ ప్రాసెస్ ఫైల్లో ఉందో అన్నిట్లో వెతకండి. సీఎఫ్ఎల్ అన్న మాట కనిపిస్తే టైమ్ స్టెప్ పెద్దదైందేమో చూడండి. గ్రిడ్ దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని ఆరుతో గుణించిన సెకన్లకు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 9 కిలోమీటర్ల గ్రిడ్‌కు 54 సెకన్లు. కానీ టైమ్ స్టెప్ తగ్గించగానే నడిచిందని అక్కడితో ఆగకండి. కొండల ఎత్తులు, ఇన్‌పుట్‌లోని గాలులు, నేల ఉష్ణోగ్రతలు సవ్యంగా ఉన్నాయో లేదో మ్యాప్ వేసి చూడండి. తుఫాను మార్గం గీసే రన్‌లో ఈ పరీక్షను దాటవేయడానికి ఏ గడువూ కారణం కాకూడదు.

తప్పు సరిదిద్దాక పని అయిపోలేదు. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కను ప్రోగ్రాంతో చేయించి చూడండి. పది అంకెల సగటు చేత్తో తీయగలం. ఒకే కోడ్‌ను రెండు కంపైలర్లతో నడిపి ఫలితాలు పోల్చండి. చివరి అంకెల్లో కొద్ది తేడా సహజం, మొదటి అంకెల్లో తేడా సహజం కాదు. ఈ మధ్య ఎర్రర్‌ను ఏఐ సాధనానికి చూపించి, అది ఇచ్చిన కోడ్‌ను అలాగే అతికించడం పెరిగింది. సాయం తీసుకోండి, తప్పు లేదు. కానీ ఆ మార్పు ఎర్రర్‌ను సరిచేసిందా, కనపడకుండా చేసిందా అన్నది మీరే తేల్చుకోవాలి. ఎందుకు సరైందో మీ నోటితో చెప్పలేని మార్పును ఉంచకండి.

గైడ్‌లకు, సీనియర్లకు, విభాగాధిపతులకు కూడా ఒక విన్నపం. ప్రోగ్రాం ఆగిందని వచ్చిన విద్యార్థిని కసురుకోకండి. కసురుకుంటే రేపు ఎర్రర్‌ను మీ దగ్గరికి తీసుకురాడు, దాచేస్తాడు. ‘రిజల్ట్స్ వచ్చాయా?’ అని అడిగే ముందు ‘చెక్‌లన్నీ పెట్టి నడిపావా?’ అని అడగండి. మీ కోడ్‌ను తర్వాతి బ్యాచ్‌కు ఇచ్చేటప్పుడు ఏ కంపైలర్‌తో, ఏ ఆప్షన్లతో నడిపారో, ఏ ఇన్‌పుట్‌కు ఏ జవాబు రావాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఒక్క కాగితం ఎన్నో నెలల కష్టాన్ని తప్పిస్తుంది.

ఇవేవీ ఖరీదైన పనులు కావు. జీఫోర్ట్రాన్, జీడీబీ, వాల్‌గ్రిండ్, అన్నీ ఉచితంగా దొరికేవే. చెక్‌లతో ప్రోగ్రాం నెమ్మదిస్తుంది, ఆ మాట నిజమే. కానీ పరీక్ష రన్‌లకు ఆ ఆలస్యాన్ని భరించండి. తప్పు అంకె బయటికి వెళ్ళాక దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పట్టే కాలం ముందు ఇది లెక్కలోకి రాదు. మీ దగ్గర నడుస్తున్న ఫోర్ట్రాన్ కోడ్‌ను ఈ వారమే ఒక్కసారి అన్ని చెక్‌లతో కంపైల్ చేసి నడపండి. అది ఆగితే, ఎందుకు ఆగిందో మీకు అర్థమయ్యేదాకా దాని అంకెలను ఎవరి చేతికీ ఇవ్వకండి.